పర్లాకిమిడి డాబా మీద నుంచి వేరే సూర్యుల గ్రహాలు, కృష్ణబిలాల జాడలు: మామూలు కెమెరాతో ఏం కొలవొచ్చు?

ప్రశ్న: పర్లాకిమిడి దగ్గర ఉంటాను. నా దగ్గర కెనాన్ 1300డీ కెమెరా, 55-250 లెన్సు, 6 అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోప్ ఉన్నాయి. వేరే నక్షత్రాల చుట్టూ తిరిగే గ్రహాలను, కృష్ణబిలాలను, క్వేజర్లను వీటితో ఇక్కడి నుంచి చూడగలనా? ఇంకేం కొనాలి, దేనితో మొదలుపెట్టాలి?

జవాబు:

గ్రహం కనిపించదు, కృష్ణబిలమూ కనిపించదు. కానీ అవి తమ పక్కనున్న నక్షత్రం వెలుగును ఎంత మారుస్తున్నాయో మీ కెమెరాతో కొలవొచ్చు. క్వేజర్ (భారీ కృష్ణబిలం చుట్టూ పడే పదార్థం వల్ల వెలిగే దూరపు గెలాక్సీ నడిమి గింజ) మాత్రం టెలిస్కోప్‌లో కంటికే అందుతుంది, అది చివర చెబుతాను. కొలతకు పనికొచ్చేది డాబ్సోనియన్ కాదు, 250 ఎం.ఎం. లెన్సు. డాబ్సోనియన్ ఆకాశంతో పాటు తిరగదు కాబట్టి దాన్ని కంటితో చూడటానికే ఉంచుకోండి. ముఖ్యంగా కొనాల్సింది ఒక్కటే: ఆకాశంతో పాటు మోటారుతో తిరిగే స్టార్ ట్రాకర్. చిల్లర సామాను సంగతి కింద చెబుతాను. 3 కిలోల బరువు మోయగలిగితే చాలు, సెకండ్ హ్యాండ్‌ది అయినా పర్వాలేదు.

మొదటి గురిగా హెచ్‌డీ 209458 అనే నక్షత్రాన్ని పెట్టుకోండి. పెగసస్ రాశిలో, ఐయోటా పెగసై నక్షత్రానికి దక్షిణంగా ఆరున్నర డిగ్రీల దూరంలో ఉంటుంది. వెలుగు 7.65 మాగ్నిట్యూడ్ (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు తక్కువ), అంటే బైనాక్యులర్‌లో తేలిగ్గా దొరుకుతుంది. గ్రహం నక్షత్రం ముందు నుంచి అడ్డంగా వెళ్ళడాన్ని (దీన్నే ట్రాన్సిట్ అంటారు) మొట్టమొదట పట్టుకున్నది ఈ నక్షత్రం దగ్గరే, 1999లో. గ్రహం గురుడి కంటే దాదాపు 1.4 రెట్లు వెడల్పు. 3.5247 రోజులకు ఒక చుట్టు తిరుగుతుంది. ముందుకొచ్చినప్పుడు సుమారు మూడు గంటల పాటు నక్షత్రం వెలుగు 1.6 శాతం దాకా తగ్గుతుంది.

మన వైపు వాళ్ళకు ఈ నక్షత్రం కలిసొచ్చే కారణం ఒకటుంది. దాని డెక్లినేషన్, అంటే ఆకాశంలో అక్షాంశం లాంటి కొలత, ఉత్తరం 18 డిగ్రీల 53 నిమిషాలు. పర్లాకిమిడి అక్షాంశం 18 డిగ్రీల 47 నిమిషాలు, గుణుపూర్ 19 డిగ్రీల 5 నిమిషాలు, రాయగడ 19 డిగ్రీల 10 నిమిషాలు. అటు గడ్చిరోలి జిల్లా సిరోంచ కూడా ఇదే వరసలో ఉంది. అంటే ఆ నక్షత్రం మనకు సరిగ్గా నడినెత్తి మీదుగా పోతుంది. గాలి పొర అన్నిటికంటే పల్చగా ఉండేది అక్కడే. నవంబరు మొదటి వారంలో రాత్రి ఏడుంపావుకు నడినెత్తికి వస్తుంది. చీకటి పడే ఆరుంపావు, ఆరున్నర నుంచి పదకొండుంపావు దాకా 33 డిగ్రీల ఎత్తు పైనే ఉంటుంది. ఆ అయిదు గంటలే మీకు దొరికే సమయం. ట్రాన్సిట్‌కు మూడు గంటలు, దానికి ముందొక గంట, తర్వాతొక గంట. ముందూ వెనకా ఉన్న ఆ రెండు గంటలూ లేకపోతే మధ్యలో వచ్చిన తగ్గుదలను దేనితోనూ పోల్చలేరు. కాబట్టి వాటిని కోసెయ్యొద్దు.

రాత్రిని ఎంచుకోవడమే అసలు పని. రెండు చుట్లకు 7.05 రోజులు పడుతుంది. ఈ శనివారం ట్రాన్సిట్ మధ్యభాగం రాత్రి 8:45కి వస్తే, వచ్చే శనివారం 9:56కి వస్తుంది. నక్షత్రమేమో వారానికి దాదాపు అరగంట ముందుగానే పడమటికి వాలుతుంది. ఈ రెండూ వారం వారం గంటా నలభై నిమిషాల చొప్పున ఎడమైపోతుంటాయి. మధ్యలో పడే ట్రాన్సిట్ పట్టపగలు వస్తుంది. అవి జరిగి జరిగి సాయంత్రానికి చేరాలంటే ఇంచుమించు పది వారాలు పడుతుంది, అప్పటికి నక్షత్రం పడమట దిగిపోయి ఉంటుంది. అందుకని ఏటా కార్తీక మాసం అటూ ఇటుగా రెండు మూడు రాత్రులే పూర్తిగా పనికొస్తాయి. నాసా ఎక్సోప్లానెట్ ఆర్కైవ్‌లో ట్రాన్సిట్ సమయాలు లెక్కగట్టే పేజీ ఉంది. మీ అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి సెప్టెంబరులోనే తేదీలు రాసిపెట్టుకోండి. ఆ సమయాలు యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయి, అయిదున్నర గంటలు కలుపుకోవాలి. అక్టోబరు మాత్రం నమ్మకం లేని నెల. ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ తుఫాన్లు మూడూ మన తీరానికి వచ్చింది అక్టోబరులోనే.

వెన్నెల గురించి బెంగ అక్కర్లేదు. చంద్రుడు 30 డిగ్రీలకు మించి దూరంగా ఉంటే ఇంత వెలుగున్న నక్షత్రానికి నష్టం లేదు. ఊరి దీపాలూ అంతే. చీకటి కోసం మహేంద్రగిరి వైపు అడవి అంచులకు పోవద్దు. ఏనుగులు, ఎలుగుబంట్లు తిరిగే చోట అయిదు గంటలు కదలకుండా కూర్చునే పని ఇది. ఇంటి డాబాయే మేలు, కరెంటు కూడా అందుబాటులో ఉంటుంది. కాకపోతే డాబా మీద మనుషులు నడిస్తే ట్రైపాడ్ అదురుతుంది. కెమెరా నడుస్తున్నంతసేపూ పైకి ఎవరినీ రానివ్వకండి.

ట్రాకర్‌ను ధ్రువానికి గురిపెట్టడం మన అక్షాంశంలో కాస్త కష్టం. ధ్రువ నక్షత్రం క్షితిజం నుంచి 19 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. ఉత్తరాన కొండో కొబ్బరి చెట్టో ఉంటే, లేదా అడుగున మంచు పట్టి ఉంటే అసలు కనబడదు. అందుకే డాబా మీద ఉత్తరం తెరిపిగా ఉన్న మూల పగలే చూసుకుని, ట్రైపాడ్ కాళ్ళ దగ్గర పెయింటుతో గుర్తులు పెట్టండి. ఒక్కసారి సరిగ్గా కుదిరితే మళ్ళీ మళ్ళీ అవే గుర్తుల మీద నిలబెట్టొచ్చు. గురి ఒక డిగ్రీ తప్పితే నక్షత్రం గంటకు పావు డిగ్రీ పైచిలుకు జరిగిపోతుంది. 250 ఎం.ఎం. దగ్గర మీ కెమెరా పిక్సెల్ ఒక్కొక్కటి 3.5 ఆర్క్ సెకన్లు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) కాబట్టి, ఒక నిమిషం ఎక్స్‌పోజర్‌లోనే నాలుగు పిక్సెళ్ళు సాగుతుంది. ఆరో వంతు డిగ్రీ లోపు కుదిరితే చాలు.

ఇక లెన్సు. 55-250ని నిటారుగా పైకి తిప్పితే జూమ్ గొట్టం తన బరువుకు తనే మెల్లగా లోపలికి జారుతుంది. మొదట్లో తెలియదు, గంట గడిచాక చూస్తే 250 కాస్తా 240 అయి ఉంటుంది, నక్షత్రాలన్నీ వేరే పిక్సెళ్ళ మీద ఉంటాయి. జూమ్ రింగును 250 దగ్గర పెట్టి, ఎలక్ట్రీషియన్ టేపుతో రెండు చుట్లు బిగించండి. ఆటో ఫోకస్, స్టెబిలైజర్ రెండూ ఆపెయ్యండి. లైవ్ వ్యూలో నక్షత్రాన్ని పదింతలు పెద్దది చేసి, ముందు చుక్కలా ఫోకస్ చెయ్యండి. తర్వాత కావాలనే ఫోకస్‌ను కొద్దిగా తప్పించి, బింబం 8 నుంచి 12 పిక్సెళ్ళ వెడల్పు వచ్చేదాకా ఆ రింగు తిప్పి, దానికీ టేపు వెయ్యండి. పదునైన ఫోటోలకు అలవాటు పడినవాళ్ళకు ఇది తప్పుగా అనిపిస్తుంది. కెమెరాలో ప్రతి పిక్సెల్ ముందూ ఎరుపో ఆకుపచ్చో నీలమో ఫిల్టర్ ఉంటుంది. చుక్క పదునుగా ఉంటే వెలుగంతా ఒకటి రెండు పిక్సెళ్ళలో పడి, ఒకసారి ఆకుపచ్చ మీద, ఇంకోసారి ఎరుపు మీద వాలుతుంది. నక్షత్రం మారకపోయినా లెక్క మారిపోతుంది. వెలుగును వంద పిక్సెళ్ళ మీద పరిస్తే ఆ తేడా సర్దుకుంటుంది.

సెట్టింగులు ఇవి: మాన్యువల్ మోడ్‌లో బల్బ్, రా ఫైలు, ఎఫ్ 5.6, ఐఎస్ఓ 400, టైమర్ రిమోట్‌తో 60 సెకన్లు (కెమెరా తనంతట తను 30 సెకన్లు దాటదు), ఫోటోకూ ఫోటోకూ మధ్య 5 సెకన్ల విరామం. లాంగ్ ఎక్స్‌పోజర్ నాయిస్ రిడక్షన్ ఆపాలి, లేకపోతే ప్రతి ఫోటోకూ రెట్టింపు సమయం తింటుంది. నక్షత్రం మధ్యలో పిక్సెల్ విలువ 10,000 దాటకూడదు. 14 బిట్ కెమెరాకు గరిష్ఠం 16,383, కానీ దాని దగ్గరికి పోయేకొద్దీ లెక్క వంకర పోతుంది. అయిదు గంటలకు దాదాపు 277 ఫోటోలు, 7 జీబీ దాకా వస్తాయి. బ్యాటరీ అంతసేపు ఆగదు. మధ్యలో మార్చడానికి కెమెరాను ముట్టుకుంటే గురి కదిలిపోతుంది. డమ్మీ బ్యాటరీ అడాప్టర్ తీసుకుని, దాన్ని ఇన్వర్టర్ లైనుకు పెట్టండి. కెమెరా గడియారాన్ని ఆ సాయంత్రమే ఫోన్ సమయంతో సెకన్లతో సహా సరిచెయ్యండి.

నవంబరులో మన వైపు రాత్రి తొమ్మిది దాటాక లెన్సు మీద మంచు పడుతుంది. పైకి చూసే లెన్సుకు మరీను. గుడ్డతో తుడిస్తే అంతవరకు తీసిన వరస పాడైనట్టే. ముందే వెచ్చగా ఉంచాలి. 330 ఓమ్‌ల, ఒక వాట్ రెసిస్టర్లు పది తీసుకుని, సమాంతరంగా కలిపి, గుడ్డ పట్టీలో కుట్టి, లెన్సు ముందు అంచు చుట్టూ కట్టండి. 12 వోల్టులకు 0.36 యాంపియర్లు, అంటే 4.4 వాట్ల వేడి వస్తుంది. యూపీఎస్‌లో వాడే 7 ఏహెచ్ బ్యాటరీ అయిదు గంటలకు సరిపోయి ఇంకా మిగులుతుంది. సాయంత్రం మొదట్లోనే ఆన్ చెయ్యండి. మధ్యలో చేస్తే లెన్సు వేడెక్కి ఫోకస్ మారుతుంది.

ఫోటోలు అయ్యాక ఫోకస్ ముట్టుకోకుండా రెండు పనులున్నాయి. లెన్సుకు మూత పెట్టి అదే 60 సెకన్లతో 20 డార్క్‌లు తియ్యండి. తర్వాత లెన్సు మీద తెల్ల నూలు గుడ్డ మడత పెట్టి, టాబ్లెట్ తెల్ల తెర ఆనించి 30 ఫ్లాట్‌లు తియ్యండి. ఫ్లాట్ ఎక్స్‌పోజర్ సెకనులో పదో వంతు కంటే ఎక్కువ ఉండాలి, లేకపోతే తెర మినుకు పడుతుంది. ఫ్లాట్ ఎగ్గొట్టకండి. లెన్సు అంచుల్లో వెలుగు తక్కువ పడుతుంది, సెన్సార్ మీద దుమ్ము ఉంటుంది. నక్షత్రం కొద్దిగా జరిగినా ఒక శాతం తేడా అక్కడే వచ్చేస్తుంది. మీరు వెతుకుతున్నదే 1.6 శాతం.

లెక్కకు ఆస్ట్రోఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. రా ఫైళ్ళలో ఆకుపచ్చ ఛానెల్ మాత్రం విడదీసి, డార్క్, ఫ్లాట్ సరిచేసి, హెచ్‌డీ 209458 వెలుగును అదే ఫ్రేములోని వేరే నక్షత్రాల వెలుగుతో భాగించి, వచ్చిన విలువలను సమయం వారీగా ఒక గీతగా గీయాలి. సన్నటి మబ్బు వచ్చినా అన్నిటి మీదా దాదాపు ఒకేలా పడుతుంది కాబట్టి భాగించేసరికి చాలావరకు పోతుంది. పోల్చే నక్షత్రాల ఎంపికలో మాత్రం తొందరపడొద్దు. మీ ఫ్రేము అయిదు డిగ్రీల వెడల్పు, అందులో 7 నుంచి 8.5 మాగ్నిట్యూడ్ మధ్యవి నాలుగైదు తీసుకోండి. రంగు కూడా దగ్గరగా ఉండాలి. మన నక్షత్రం బీ-వీ విలువ (రంగును చెప్పే అంకె) 0.59, కాబట్టి 0.4 నుంచి 0.8 లోపు ఉన్నవే వాడండి. నీలి నక్షత్రాన్ని వాడితే, నక్షత్రాలు కిందికి దిగేకొద్దీ గాలి నీలాన్ని ఎక్కువ మింగి, గ్రహం లేకపోయినా గీత మెల్లగా వంగుతుంది. పోల్చే నక్షత్రాలను ఒకదానితో ఒకటి కూడా భాగించి చూడండి. వాటి గీత తిన్నగా రావాలి. రాకపోతే ఆ రాత్రి గ్రహం దొరికిందని చెప్పొద్దు.

కొలతల్లో ఎంత చెదురు వస్తుందో ముందే తెలిస్తే కంగారు ఉండదు. 45 ఎం.ఎం. ద్వారం ఉన్న మీ లెన్సుకు నడినెత్తిన ఒక నిమిషం ఫోటోలో మినుకు వల్లే 0.3 శాతం, ఫోటాన్ల (వెలుగు కణాల) లెక్క వల్ల ఇంకొంత, మొత్తం అర శాతం దాకా చెదురు ఉంటుంది. 34 డిగ్రీలకు దిగేసరికి మినుకే 0.8 శాతానికి పెరుగుతుంది. అయిదు ఫోటోలను కలిపి సగటు తీస్తే నడినెత్తిన 0.2 శాతానికి వస్తుంది. అప్పుడు గీత అడుగు చదునైన పళ్ళెంలా స్పష్టంగా తేలుతుంది. ఫలితాన్ని వేరేవాళ్ళ కొలతలతో కలపాలంటే సమయాన్ని బీజేడీ-టీడీబీలోకి, అంటే సౌరకుటుంబం కేంద్రం నుంచి చూసినట్టు లెక్కగట్టే సమయంలోకి, మార్చాలి. భూమి సూర్యుడి చుట్టూ ఏ వైపున ఉందన్నదాన్ని బట్టి వెలుగు 8 నిమిషాల దాకా ముందో వెనకో చేరుతుంది. దానిపైన టీడీబీకీ యూటీసీకీ 69 సెకన్ల తేడా. సాఫ్ట్‌వేరే మారుస్తుంది, మీరు అక్షాంశ రేఖాంశాలు సరిగ్గా ఇస్తే చాలు.

ఇంత సన్నని కొలతకు ముందు చేతికి అలవాటు కావడానికి ఆల్గాల్ అనే నక్షత్రాన్ని తీసుకోండి. ఒక నక్షత్రం ముందు ఇంకో నక్షత్రం వచ్చి 2.1 మాగ్నిట్యూడ్ నుంచి 3.4కు పడిపోతుంది, 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకోసారి. మీ లెన్సునే 55 ఎం.ఎం. దగ్గర పెట్టి, ఇదే పద్ధతిలో, తప్పు చేసినా కనబడేంత పెద్ద మార్పు అది. ఆల్గాల్ గీత సరిగ్గా రాకుండా గ్రహం జోలికి వెళ్తే కార్తీకంలో దొరికే ఆ రెండు మూడు రాత్రులూ వృథా.

గ్రహం ఉన్న ఇంకో నక్షత్రం హెచ్‌డీ 189733 సంగతి కూడా అడుగుతారు. అది 7.7 మాగ్నిట్యూడ్, తగ్గుదల 2.4 శాతం, ట్రాన్సిట్ రెండు గంటల లోపే. అంకెలు చూస్తే ఇదే తేలిక. కానీ వానలు తగ్గేసరికి అది అప్పటికే పడమటికి వాలి ఉంటుంది, పైగా పాలపుంతలో ఉండటం వల్ల ఫోకస్ తప్పించిన బింబాల్లోకి పక్క చుక్కలు కలుస్తాయి. మే నెలలో తెల్లవారుజామున నడినెత్తికి దగ్గరగా వస్తుంది. సాయంత్రం గాలివాన పడి మబ్బు విడిపోయిన రాత్రుల్లో దానికి వెళ్ళండి.

కృష్ణబిలానికి వద్దాం. సిగ్నస్ హంస మెడ మధ్యలో ఈటా సిగ్నై ఉంది. దానికి అర డిగ్రీ దూరంలో 8.9 మాగ్నిట్యూడ్ చుక్క హెచ్‌డీఈ 226868, సిగ్నస్ ఎక్స్-1 జంటలో కనబడే నక్షత్రం. జంటలో రెండోది సూర్యుడికి 21 రెట్ల బరువున్న కృష్ణబిలం. మీ డాబ్సోనియన్‌లో నవంబరు సాయంత్రాలు తేలిగ్గా దొరుకుతుంది, చూడటానికి మామూలు చుక్కే. అయితే కృష్ణబిలం లాగుడుకు ఆ నక్షత్రం కోడిగుడ్డులా సాగి ఉంది. 5.6 రోజుల చుట్టులో అది పక్కగా కనబడినప్పుడు ఎక్కువ వెలుగు, కొసగా కనబడినప్పుడు తక్కువ వెలుగు. మొత్తం మార్పు 0.05 మాగ్నిట్యూడ్ దాకా ఉంటుంది, చుట్టుకు రెండుసార్లు. దీనికి ఒక రాత్రంతా కూర్చోనక్కర్లేదు. ప్రతి రాత్రి చీకటి పడగానే ఇరవై ఫోటోలు, అవే పోల్చే నక్షత్రాలు, అదే సెట్టింగు. ఇలా నెల రోజులు తీసి, అన్నిటినీ 5.6 రోజుల మీద మడిస్తే, అంటే అన్ని చుట్లనూ ఒకే చుట్టులా ఒకదాని మీద ఒకటి పేరిస్తే, రెండు గుబ్బల గీత రావాలి. కృష్ణబిలం గురుత్వాన్ని ఇంటి డాబా మీద నుంచి కొలిచే దారి నాకు తెలిసినంతలో ఇంతకంటే చవకైనది లేదు. ట్రాన్సిట్ కంటే దీన్నే ఎక్కువమంది చెయ్యాలని నా కోరిక.

చురుకు గెలాక్సీలకు, అంటే నడిమి భారీ కృష్ణబిలం చుట్టూ పదార్థం వెలిగే గెలాక్సీలకు, టెలిస్కోప్‌లో కంటి పని చాలు. డిసెంబరు సాయంత్రాల్లో ఎం 77 చూడండి. సీటస్‌లో డెల్టా సీటై పక్కన ఒక డిగ్రీ దూరంలో, 8.9 మాగ్నిట్యూడ్ మసక మచ్చ, నడిమి గింజ మాత్రం చుక్కలా మెరుస్తుంది. ఆ గింజ నుంచే న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలు వస్తున్నాయని 2022లో అంటార్కిటికాలోని ఐస్‌క్యూబ్ పరిశోధనశాల చెప్పింది. క్వేజర్ 3సీ 273 ఇంకా కష్టం. 12.9 మాగ్నిట్యూడ్, 6 అంగుళాల అద్దానికి దాదాపు చివరి మెట్టు. కన్యా రాశిలో ఈటా వర్జినిస్ నుంచి ఈశాన్యంగా మూడున్నర డిగ్రీలు జరగండి. చుట్టూ చుక్కల పటం 14 మాగ్నిట్యూడ్ దాకా ముందే అచ్చు వేసుకోండి, లేకపోతే ఏ చుక్క ఏదో తేలదు. 150 రెట్ల పవర్ పెట్టి, కన్ను నేరుగా కాక కొంచెం పక్కకు నిలిపి చూడాలి. దీనికి మాత్రం అమావాస్య చీకటి, ఊరి దీపాలు లేని చోటు కావాలి. ఎవరైనా తోడుండి, వెనక గోడ ఉన్న పొలం ఇల్లు దొరికితే మంచిది. మార్చి, ఏప్రిల్‌లో కొండల మీద పోడు కాల్చిన పొగ ఆకాశాన్ని పట్టేస్తుంది. ఫిబ్రవరిలోనే వెళ్ళండి, రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు మధ్య అది బాగా ఎత్తులో ఉంటుంది. మీరు చూసే ఆ వెలుగు బయలుదేరి దాదాపు 200 కోట్ల సంవత్సరాలు అయింది. కనబడిన రాత్రి పక్క చుక్కలతో పోల్చి దాని మాగ్నిట్యూడ్ అంచనా కట్టి తేదీతో రాసుకోండి, ఎందుకంటే దాని వెలుగు కూడా మారుతూ ఉంటుంది.